రూపాయి బిళ్లంత బ్యాటరీ

నిత్యానందం మోకాళ్ల మీద కూర్చుని, కంప్యూటర్ పెట్టె మూత విప్పి బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాడు. ఆ ఆఫీసుకి రావడం ఈ వారంలో ఇది మూడోసారి. పేరు నిత్యానందమే గానీ, ఆయన నవ్వగా చూసినవాళ్లని ఏలూరులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. యాభై ఏడేళ్ల బక్కపలచని మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు స్క్రూడ్రైవర్లు ఉంటాయి. తాడేపల్లిగూడెంలో రేడియోలు బాగుచెయ్యడంతో మొదలుపెట్టి, టీవీల మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చాడు. చదువు కాగితం లేదని ఇరవై రెండేళ్లుగా కాంట్రాక్టు మనిషిగానే ఉండిపోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న కిరణే ఇప్పుడు ఆయనకి పనులు పురమాయిస్తున్నాడు.

కొల్లేటి చేపల చెరువుల మధ్య ఉన్న ఆ రెండు గదుల ఆఫీసు, ఇళ్లలో దెబ్బలు తిన్న ఆడవాళ్లకి ఆసరాగా పెట్టింది. వాళ్లు చెప్పుకున్న కష్టాలూ, వాళ్లని దాచిన ఇళ్ల చిరునామాలూ అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. మొన్న ఎవరో కిటికీ ఊచ వంచారు. అలా దాచిన హర్షిణి అనే పిల్ల మొగుడు రెండు రోజులుగా గేటు దగ్గరే తచ్చాడుతున్నాడు. పెట్టె ఎత్తుకుపోయినా లోపలి రాత పరాయివాడి కంటపడకుండా డిస్కు మొత్తానికి తాళం వెయ్యాలి. ఆ తాళమే పడటం లేదు.

"ఏవండీ, ఇవాళైనా అవుద్దంటారా? రేపూ ఎల్లుండీ సెలవండి. ఇక్కడ ఎవరూ ఉండరు" అంది ఆఫీసు చూసుకునే వీరలక్ష్మి.

"చూస్తున్నానమ్మా."

ఆ తాళంచెవి దాచుకోవాల్సిన సెక్యూరిటీ చిప్ లేదంటూ మిషను మొరాయిస్తోంది. సోమవారం ఆయన సెట్టింగుల్లోకి వెళ్లి చిప్పును ఆన్ చేశాడు. మర్నాడు పొద్దున హెడ్డాఫీసు అనుమతి వచ్చాక వీరలక్ష్మి చూస్తే మిషను మళ్లీ చిప్ లేదంది. బుధవారం మళ్లీ అదే కథ. ముసలాయనకి కొత్త మిషన్లు తెలీవని కిరణ్ ఫోన్లో వీరలక్ష్మితో, ఆయనకి వినపడేలాగే అన్నాడు. ఆ మాట నిత్యానందానికి గుచ్చుకుంది.

ఇవాళ తెర మూల తేదీ చూశాడు. ఎప్పటిదో జనవరి ఒకటి అని ఉంది.

"సాయంత్రం కరెంటు ఎవరు ఆపుతారమ్మా?"

ఊడుస్తున్న పైడమ్మ చీపురు వెనక్కి పెట్టుకుంది. "నేనేనండి. తాళం వేసేటప్పుడు ప్లగ్గులన్నీ పీకేస్తానండి. మా ఇంట్లో టీవీ పిడుగుకే పోయిందండి."

"మంచి పనే. నీ తప్పేం లేదు."

లోపలి బ్యాటరీ చచ్చిపోయింది. ప్లగ్గు పీకగానే పెట్టె అన్నీ మరిచిపోతోంది. ఇవాళ ఎలాగో తాళం వేసినా, సోమవారం చిప్పును మరిచిపోయి, తాళం తియ్యడానికి నలభై ఎనిమిది అంకెలు కొట్టమంటుంది. రోజూ అలా అడిగితే వీళ్లు ఆ అంకెల కాగితం తీసుకెళ్లి తెరకే అంటిస్తారు. ఆయన ఎన్ని ఆఫీసులు చూడలేదు! అప్పుడిక తాళం వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే.

రూపాయి బిళ్లంత బ్యాటరీ కావాలి. ఊళ్లో దొరకదు. ఏలూరు వెళ్లి తెచ్చేసరికి ఆఫీసు మూసేస్తారు. నిత్యానందం కాసేపు గేటు వైపు చూశాడు. తర్వాత సంచి తెరిచి, తన షుగర్ చూసుకునే మిషను తీసి, వెనక మూత గోటితో లేపాడు. సరిగ్గా అదే సైజు. సాయంత్రం ఇంకోటి కొనుక్కుంటే సరి అనుకున్నాడు.

ఈసారి చిప్ నిలిచింది. తాళం పడటం మొదలైంది. మధ్యాహ్నం, రోజూ షుగర్ చూసుకుని వేసుకునే ఇన్సులిన్ సూది, ఇవాళ అంచనా మీద వేసుకున్నాడు. క్యారియర్ విప్పి రెండు ముద్దలు తిన్నాడో లేదో కరెంటు పోయింది. చెయ్యి కడుక్కుని పెట్టె దగ్గరికి పరుగెత్తాడు. కరెంటు వచ్చాక పని ఆగిన చోటి నుంచే సాగింది. ఆయన మాత్రం మళ్లీ అన్నం దగ్గరికి వెళ్లలేదు.

నాలుగింటికి తాళం నూరు శాతం పడింది. అంకెల కాగితం కవర్లో పెట్టి ఇచ్చాడు.

"ఇది ఇక్కడ ఉంచకండమ్మా."

"మా ఇంట్లో బియ్యం డబ్బాలో పెడతానండి."

నిత్యానందం నవ్వాడు. ఆయన నవ్వారండీ అని వీరలక్ష్మి తర్వాత చాలామందికి చెప్పింది.

బస్సులో చెమటలు పట్టాయి. వేళ్లు వణికాయి. అలవాటుగా చెయ్యి సంచిలోకి వెళ్లింది, గుర్తొచ్చి ఆగింది. ఉక్కగా ఉంది, ఇంకెంతసేపులే, ఏలూరు వచ్చేస్తుంది అనుకుని కిటికీకి తల ఆనించాడు. చెరువులు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతున్నాయి. ఏలూరులో అందరూ దిగాక కండక్టరు వచ్చి, నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టాడు.

షుగర్ బాగా పడిపోయి ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. మిషను సంచిలోనే ఉండగా ఒక్కసారి చూసుకోలేదేం అని, పదకొండు రోజులుగా భార్య కామేశ్వరి ఏడుపులో సగం ఆయన మీద కోపమే. పన్నెండో రోజు వీరలక్ష్మి వచ్చింది.

"ఆయన తాళం వేసిన మర్నాడే, శనివారం, పెట్టె ఎత్తుకుపోయారండి. మా దగ్గరికొచ్చిన హర్షిణి మొగుడి ఇంట్లో దొరికింది. ఒక్క అక్షరం చదవలేకపోయాడంటండి. ఆ పిల్ల చల్లగా ఉందండి."

కామేశ్వరి తల ఊపింది. వీరలక్ష్మి వెళ్లాక ఆయన సంచి తీసి, మిషను పట్టుకుని బొత్తాం నొక్కింది. వెలగలేదు. మళ్లీ నొక్కింది. వెనక్కి తిప్పి మూత తీసింది. బ్యాటరీ ఉండాల్సిన చోట రూపాయి బిళ్లంత గుంట, ఖాళీగా.