చుక్క లేని మండలం

జనగామ మీటింగ్ హాల్లో గోడకు వేలాడుతున్న పటం చూడగానే తారికి ఒళ్లు మండింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల పటం అది. నడుము నొప్పిలా మొదలయ్యే ఒక రకం బ్లడ్ క్యాన్సర్ వచ్చిన మనిషికొక ఎర్ర చుక్క. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రెండు, భూపాలపల్లి పక్కన మూడు ఉన్నాయి. ఆమె తండా ఉన్న పెద్దవంగర మండలం మాత్రం కడిగిన పళ్లెంలా ఉంది.

తారి ఆ తండాకు పన్నెండేళ్లుగా ఆశా కార్యకర్త. ఆ జబ్బుతో పోయిన ముగ్గురినీ హైదరాబాద్ బస్సెక్కించింది ఆమే. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి సర్వే అధికారి సుభాష్ తేల్చేశాడు.

"ఇది ఎక్కువగా పట్నంలో, వయసు పైబడినవాళ్లకే కనిపిస్తోంది. చుక్క లేని మండలాలకు రక్తపరీక్షల బండి అక్కర్లేదు. సాయంత్రం బండి వెళ్లే మండలాల జాబితా మీద సంతకమైపోతుంది."

తారి లేచింది. "సారూ, మా తండల ముగ్గురు సచ్చిపోయిండ్రు. పత్తి ఏరంగ వచ్చిన నడుము నొప్పే అనుకుంట సచ్చిండ్రు. మా మేనమామ హీర్యాకు నలభై రెండేండ్లే. వాళ్లు మీ లెక్కల ఎందుకు లేరు?"

ఆయన కంప్యూటర్లో వెతికాడు. పేర్లు దొరికాయి. అన్నీ హైదరాబాద్ లెక్కలో ఉన్నాయి.

"హీర్యాతో కలిపి నలుగురు. నలుగురి అడ్రసూ పట్నంలో ఒకటే గది. అనుమానమొచ్చి ఆ ఇంటి నీళ్లు కూడా పరీక్ష చేయించాం."

ఆ గది తారి అన్న బలరాందే. తాపీ పనికి పోయి అక్కడే ఉంటున్నాడు. పట్నం దవాఖానకు పోయే తండావాళ్లంతా దిగేది అక్కడే. ఉత్తరమొస్తే అందుతుందని ఆ అడ్రసే రాయించమని అందరికీ చెప్పింది తారే. తండా పేరు చెప్తే ఎవరూ పట్టించుకోరని నేర్పిందీ తనే. ఇంతసేపూ సర్కారు మీద రగిలిన కోపం తిరిగి తన మీదికే వచ్చింది. చెంపలు వాయించుకోవాలనిపించింది.

"ఇప్పుడు మార్చుండ్రి."

"పోయినవాళ్లవి మార్చలేనమ్మా. బతికున్నవాళ్లు జబ్బు పేరు, ఊరు పేరు తమ నోటితో చెప్పాలి. అట్లా ఒక్కరు చెప్పినా మీ మండలం జాబితాలోకి వస్తుంది."

ఆ నలుగురిలో బతికున్నది తారి తల్లి గోరీ ఒక్కతే. ఆమెకు రక్తం తక్కువైందని మాత్రమే చెప్పారు. తండాలో జబ్బుమనిషి ముందు ఆ పేరెత్తరు. ఎత్తితే మరునాడే మంచం పడతారని భయం.

తారి తల్లికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. తమ లంబాడీ భాషలోనే మాట్లాడింది.

"యాడీ, నీది రక్తం తక్కువ కాదు. క్యాన్సర్. గా మాట, మన తండ పేరు గీ సారుకు చెప్పు."

ముసలామె తెలుగులోకి మారింది. "సారూ, నా పేరు గోరీ. నాకు క్యాన్సరట. మాది పెద్దవంగర కాడి తండ." సుభాష్ రాసుకోసాగాడు. ఆమె మళ్లీ తమ భాషలో కూతురిని అడిగింది.

"నా తమ్ముడు హీర్యాకు సుత గిదేనా?"

"గిదే."

"మరి ఆర్నెల్లు నీ మందుల సంచిలకెల్లి వానికి నడుము నొప్పి గోలీలు ఎందుకిచ్చినవే?"

"ఏమంటోందమ్మా?" అన్నాడు సుభాష్.

"నన్ను అడుగుతున్నది. మీరు రాసుకోండ్రి."