నేను వెలిగించని మంట

అదిగో మళ్లీ వెలిగింది, నేను ముట్టుకోలేదు, రిమోట్ ఫ్రిజ్ మీదే ఉంది, అయినా గోడలోని గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లో మంట లేచింది, చప్పుడే లేదు, దాని పాత ఫ్యాను పాడైన ట్రాక్టర్‌లా గర్రుమనేది, మా పసివాడు రీడ్ పాకుతూ పాకుతూ ఆగి ఏడుపు మొహం పెట్టేవాడు, ఇప్పుడు వాడికి భయం లేదు, నిన్న మంట ముందుండే కాలిపోతున్న అద్దం మీదికి చెయ్యి చాచాడు, జానెడు దూరంలో పట్టుకున్నాను, అద్దానికి అడ్డం పెట్టే కంచె ఇంకా రానేలేదు, మా ఆయన డస్టిన్ గని క్యాంపుకి పోతూ పోతూ ఈ చప్పుడు చెయ్యని ఫ్యాన్లూ ఫోన్‌తో నడిచే మీటా పెట్టించాడు, నీకు సుఖంగా ఉంటుంది టెస్ అన్నాడు, నాకా, నేను ఇంట్లో ఉన్నానో లేదో చూడ్డానికా, నువ్వేనా వెలిగిస్తున్నది అని అడిగితే, పిచ్చా నీకు, ఇక్కడ గ్లవ్స్ తీస్తే వేళ్లు రాలిపోతాయి, ఫోనెక్కడ నొక్కను అని నవ్వాడు, ఎందుకంత నవ్వు, పోనీ వీటిని బిగించినతనా, పాస్‌వర్డ్ తనే పెట్టాడుగా, ఏ ఊళ్లో కూర్చుని నా హాల్లో మంట రాజేస్తున్నాడో, బడి మధ్యలో మానేసినదానికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాడేమో, తనంతట తను వెలిగేది గ్యాస్ కూడా వదలదా, గోడమీది గ్యాస్ అలారంలో పచ్చలైటు ఉంది, దాన్ని మాత్రం ఎలా నమ్మను, బయట మైనస్ ముప్ఫై, అయినా కిటికీ ఇంకాస్త తెరిచాను, రోజూ ఇంతే.

ఫోన్ మోగింది, అత్తగారు లోర్నా, రెజైనా ఊరినుంచి, ఏమ్మా, మీ హాలు పదకొండు డిగ్రీలు చూపిస్తోంది, పసివాడితో ఐసుగడ్డ మీద కాపురమా, నేను వెలిగించాను కాబట్టి సరిపోయింది, మీరా, ఆ మీట మీ ఫోన్లో ఎందుకుంది, డస్టిన్ పెట్టిచ్చాడులే, నీకు చెప్పొద్దన్నాడు, ప్రతిదానికీ అనుమానపడతావని, చూశారా, నా అనుమానం నిజమే, తల్లీకొడుకులిద్దరూ కలిసి, అని నోటిదాకా వచ్చింది, ఇంతలో రీడ్ అద్దం దగ్గర, పరుగెత్తి చంకనేసుకున్నాను, వాడు కాళ్లు తన్నుకుంటూ కేకలు, ఆ అద్దం కాలుతుంది నాన్నా అన్నాను, లోర్నా విని, అయ్యో, వాడు దాని దగ్గరికి పోతాడా, నాకేం తెలుసమ్మా, ఇక్కడ నాకు అంకె ఒక్కటే కనిపిస్తుంది.

గ్యాస్ భయంతో నేను కిటికీ తెరుస్తున్నాను, చలి భయంతో ఆవిడ మంట పెడుతోంది, ఆ మంట చూసి నేను కిటికీ ఇంకా తెరుస్తున్నాను, వీణ్ణి కాపాడాలనే ఇద్దరమూ, ఇద్దరమూ కలిసి వీణ్ణి ఆ అద్దం దగ్గరికి తోస్తున్నాం.