అర్లిస్ గ్యారేజీకి పూత

అర్లిస్ నైగార్డ్ తన గ్యారేజ్ నేలకి ఏ పూత వేయాలో మే నెలలోనే తేల్చేసుకుంది. సెప్టెంబరు దాకా ఆ సంగతి పెదవి దాటనివ్వలేదు. చెప్పేస్తే డెల్ కాస్కీ రావడం మానేస్తాడని ఆమె భయం.

డెల్ వెనక వీధిలో ఉంటాడు. డులూత్ రేవులో ఓడలకి ఇనుప ఖనిజం ఎత్తే పని చేసి రిటైరయ్యాడు. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆ మధ్య తన గ్యారేజ్ నేలకి తనే ఎపాక్సీ, అంటే రెండు డబ్బాల మందు కలిపి పూస్తే రాయిలా గట్టిపడే పూత, వేసుకున్నాడు. అది చక్కగా కుదిరింది, అంతే, అప్పట్నుంచి ఆ చుట్టుపక్కల నేలలన్నిటికీ పెద్దమనిషై కూర్చున్నాడు. అర్లిస్ కూడా ఒంటరిదే. ఉద్యోగమున్నంత కాలం స్కూలు బస్సు నడిపింది, ఇప్పుడు గ్యారేజీలో పాత చెక్క పడవలు బాగుచేస్తుంది, తెడ్లు చెక్కుతుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పంతా కారు చక్రాలకి అంటుకొచ్చి, అక్కడ కరిగి, ఆమె సిమెంటు నేలని గుల్ల చేసేసింది. ఎంత ఊడ్చినా పొడి లేస్తూనే ఉంటుంది. ఆ పొడి పోయి పోయి తడి వార్నిష్ మీదే వాలుతుంది.

ఏప్రిల్లో ఓ శనివారం డెల్ కనిపిస్తే, "మీ నేల పూత గట్టిగా నిలిచిందా?" అని మాటవరసకి అడిగింది. అడిగిన పాపానికి అతను ఆ మధ్యాహ్నమే వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మేకుతో నేల గీకి చూశాడు. పై శనివారం మళ్లీ వచ్చాడు. ఆ పై శనివారం ఆమె ఫ్లాస్కు నిండా కాఫీ చేసి పెట్టుకుంది. మూడో వారానికే ఆమెకి శుక్రవారాలు గడవడం మానేశాయి.

"మామూలు పెయింటు కొట్టేస్తే పోలా?" అని అడిగేది.

"కొట్టండి. ఎండాకాలం వేడి టైర్లతో కారొచ్చి నిలబడుతుందా, వెళ్లేటప్పుడు మీ పెయింటుని కూడా వెంటబెట్టుకు పోతుంది."

"రబ్బరు పలకలు పరిస్తే?"

"వాటికింద ఉప్పునీళ్లు చేరతాయి. ఎత్తి చూడాలంటే గుండెధైర్యం కావాలి."

"కంపెనీవాళ్లొచ్చి ఒక్కరోజులో వేసి ఆరబెట్టేసి పోయేది కూడా ఉందటగా?"

"ఉంది. ఏమిటంత తొందర మీకు, డ్రైవరమ్మా? బడి గంట కొట్టేశారా?"

ఆ మాటతో ఆమెకి ప్రాణం లేచొచ్చింది. తొందర లేదని అతనే అన్నాడు కదా!

ఎపాక్సీయే మంచిదని, బూడిద రంగే బాగుంటుందని అప్పటికే ఆమెకి తెలుసు. కానీ అర్లిస్ అబద్ధమాడలేని మనిషి. సందేహాలైతే ఎన్నయినా పుట్టించగలదు, వాటిలో అబద్ధమేముంది? నేలలో చెమ్మ ఉందేమో అంది. అతను ప్లాస్టిక్ కాగితం పరిచి, చుట్టూ టేపు అంటించి, మర్నాడొచ్చి ఎత్తి చూశాడు. పొడిగానే ఉంది. పైన రంగు చుక్కలు చల్లితే కింద పడ్డ మరమేకు కనపడదేమో అంది. దాని మీద రెండు శనివారాలు గడిచాయి. మంచు బూట్లతో జారకుండా ఇసుక కలపాలా అంది. దాని మీద ఇంకో రెండు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఆమె పోసిన కాఫీ ఊదుకుంటూ అతను అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పేవాడు. గ్యారేజ్ తలుపు ఎత్తి ఉంటే ఎవరైనా లోపలికొచ్చి కూర్చుంటారు, దానికి ఆ ఊళ్లో అర్థాలు తీసేవాళ్లు లేరు. అక్కణ్నుంచి వంటింట్లోకి వెళ్లే మెట్టు ఎక్కితే మాత్రం అది వేరే కథ. ఇన్ని నెలల్లో డెల్ ఆ మెట్టు ఎక్కలేదు. అతను వెళ్లిపోయాక అర్లిస్ ఒక్కతే ఆ మెట్టెక్కి లోపలికెళ్లి ఒక్క కంచం పెట్టుకునేది.

ఆగస్టులో ఓ రోజు కాఫీ తాగుతూ అన్నాడు: "మా కారిన్ అరిజోనా వచ్చేయమంటోంది. ఒక్కడివే మంచు ఎత్తిపోసుకుంటూ ఎన్నాళ్లు నాన్నా అంటోంది."

అర్లిస్ ఫ్లాస్కు మూత బిగించింది. "బాగుంటుంది డెల్. అక్కడ చలి ఉండదు," అంది.

పైవారం మళ్లీ ఆ మాటే ఎత్తాడు. ఈసారి ఆమె ముఖంలోకి చూస్తూ చెప్పాడు. "చాలా బాగుంటుంది," అంది ఆమె, తెడ్డు మీంచి తలెత్తకుండా. ఆ ఊరి మర్యాద అలాంటిది. ఇంకొకళ్ల నిర్ణయంలో వేలు పెట్టకూడదు, మన కోరిక తీసుకెళ్లి ఎదుటివాళ్ల నెత్తిన రుద్దకూడదు. ఇష్టం లేకపోయినా "బాగుంటుంది" అనాలి. అలా అనీ అనీ ఆ ఊళ్లో ఎందరి నోట్లో మాటలు నోట్లోనే ఉండిపోయాయో లెక్కలేదు.

మూడోసారి చెప్పినప్పుడు అతను కప్పులోకి చూస్తూ చెప్పాడు. "ఒప్పుకున్నాను. మీ నేల పని అయ్యాక వస్తానన్నాను."

ఆమె అప్పుడూ బాగుంటుందనే అంది. లోపలికెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఇక ఆమెకి ఆ గుల్లబారిన నేలే దిక్కయింది. అది పూర్తికానంత కాలం అతను ఉంటాడు. కానీ సెప్టెంబరు నడిచేసరికి పొద్దున్నే గడ్డి మీద తెల్లటి మంచు కనపడింది. డెల్ అరచెయ్యి నేలకి ఆనించి చూశాడు.

"సిమెంటు చల్లబడితే ఎపాక్సీ పట్టదు. ఈ శనివారం వేయకపోతే ఇక వచ్చే ఏడే. అంతదాకా కారిన్ నన్ను ఉండనివ్వదు."

వచ్చే ఏడే వేద్దాం అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అతని కూతుర్ని తన గ్యారేజీ కోసం ఎదురుచూడమనే హక్కు తనకెక్కడిది? "సరే, బూడిద రంగు," అంది.

శనివారానికి నేల అరగదీసి, కడిగి, ఆరబెట్టి ఉంచారు. రెండు డబ్బాలూ ఒక బకెట్లో కలిపేముందు డెల్ వంటింటి గోడ చూపించాడు.

"అక్కడ మొదలుపెట్టి వెనక్కి వాకిట్లోకి వచ్చేద్దాం. అటునుంచి అటే ఇంటికి పోతాను."

"వద్దు. వాకిలి వైపు మొదలుపెడదాం," అంది అర్లిస్.

"అప్పుడు మీ వంటింట్లో తేలతాం."

"తేలితే ఏం?"

అతను రెండు డబ్బాలూ కలిపి, బకెట్టు వాకిలి వైపు తీసుకెళ్లాడు. ఒకసారి కలిపాక ఎపాక్సీ ఎవరి కోసమూ ఆగదు, బకెట్లోనే గట్టిపడిపోతుంది. ఆమె బ్రష్షుతో అంచులు దిద్దుతూ, అతను రోలరుతో మధ్య నింపుతూ, ఇద్దరూ వెనక్కి వెనక్కి నడిచారు. ఎండు నేల జానెడు జానెడే తగ్గుతూ వచ్చింది. చివరికి మెట్టు మిగిలింది. డెల్ పనిబూట్లు విప్పి చేత్తో పట్టుకుని, మేజోళ్లతో వంటింట్లో అడుగుపెట్టి, ఫ్రిజ్ పక్కన బడికొచ్చిన కొత్త పిల్లాడిలా నిలబడ్డాడు.

ఆమె కాఫీ పోసింది, ఆపిల్ కేకు కోసింది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు.

"రేపు సాయంత్రానికి నడవొచ్చు. వారమయ్యాక కారు పెట్టుకోండి," అన్నాడు. "ఇక ఇరవై ఏళ్లు దాని వంక చూడక్కర్లేదు."

"ఇరవై ఏళ్లూ దాని మీద నేనొక్కదాన్నే నడవాలా?"

డెల్ చేతిలో ఫోర్కు ఆగింది. అన్న మాట వెనక్కి తీసుకునేది కాదని ఆమెకీ తెలిసింది. ఇక దాచి ప్రయోజనం లేదు.

"నేను మే నెలలోనే ఎంచుకున్నాను డెల్. ఎపాక్సీ, బూడిద రంగు, చుక్కలొద్దు, ఇసుక కావాలి. అన్నీ అప్పుడే అనుకున్నాను."

"మే నెలలోనా? మరి ఎండాకాలమంతా నన్ను మోకాళ్ల మీద ఎందుకు పాకించారు?"

"మీరు వస్తారని."

అతను ఫోర్కు కంచంలో పెట్టేశాడు. అతని గొంతులో కోపం కూడా ఉంది. "అరిజోనా సంగతి చెప్పిన ప్రతిసారీ బాగుంటుందన్నారు."

"మర్యాదకి అన్నాను."

"మర్యాదకని నాకెలా తెలుస్తుంది?"

"మీదీ ఈ ఊరే కదా."

అతనికి నవ్వొచ్చింది, కానీ ఎక్కువసేపు నిలవలేదు. "వద్దంటారేమోనని చెప్పాను, అర్లిస్. లేకపోతే అన్నిసార్లు ఎందుకు చెప్తాను?"

"వద్దు," అంది ఆమె. "ఇప్పుడంటున్నాను. వెళ్లొద్దు. మీరు లేకపోతే నాకు శనివారాలే కాదు, ఏ వారమూ ఉండదు."

అతను చేతుల మీద ఎండిన బూడిద రంగుని గోటితో గీక్కుంటూ కూర్చున్నాడు. కిటికీ అవతల పొద్దు వాలుతోంది. అంతలో అతని జేబులో ఫోన్ మోగింది. తీసి చెవి దగ్గర పెట్టుకోకముందే కారిన్ గొంతు వంటింట్లోకంతా వినిపించింది.

"ఏం నాన్నా, పూత వేయడం అయిపోయిందా? టికెట్ తీసేయనా?"

డెల్ అర్లిస్ వైపు చూశాడు. ఆమె కంచం వైపు చూస్తోంది.

"వేశామమ్మా," అన్నాడు. "ఇంకా ఆరలేదు."

"ఎన్నాళ్లు పడుతుందేంటి?"

"ఇక్కడ చలి కదమ్మా," అన్నాడు డెల్, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంటూ. "చెప్పలేం."