ఫెర్మీన్ చెప్పని సంగతి

అర్జెంటీనాలోని మెండోసా ఊళ్లో, మార్కెట్ వెనక సందులో ఇర్మా విదేలాకు కళ్లజోళ్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. భర్త పోయాక ఒంటరితనం మొదట కష్టమనిపించింది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత ఇష్టమైంది. సరిగ్గా అప్పుడే ఫెర్మీన్ అరన్సీబియా కాడ విరిగిన కళ్లజోడు పట్టుకుని వచ్చాడు. బాగుచేసి పంపింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఆ చలికాలమంతా అదే కళ్లజోడు, అదే కాడ. చివరికి ఒకరోజు ఇర్మా దాన్ని వెలుతురులో తిప్పి చూసింది.

"ఏవండీ, ఇది కిందపడి విరిగింది కాదు. చేత్తో విరిచింది."

అరవై దాటిన మనిషి చెవులదాకా ఎర్రబడ్డాడు. "రావడానికి వేరే వంక దొరకలేదండీ," అన్నాడు.

అలా మొదలైంది పరిచయం. అక్కడ వసంతం మొదలయ్యే అక్టోబరు వచ్చి ద్రాక్షతీగలు చిగుళ్లు వేశాక, ఫెర్మీన్ ఆమెను తన ఊరి వైపు, ఊకో లోయకు రమ్మన్నాడు. "తోటలు విచ్చుకున్నాయి. ఒక తోట చూద్దాం, మా స్నేహితుడి వైనరీలో కాస్త వైను రుచి చూద్దాం, మధ్యాహ్నం ఎక్కడైనా భోంచేద్దాం." ఆ 'ఎక్కడైనా' అన్న మాటను ఇర్మా పట్టించుకోలేదు. నడవడానికి వీలుగా ఉంటాయని పాత బూట్లే వేసుకుంది.

తోట ఉన్నది రైళ్లు రావడం మానేసిన ఒక పాత స్టేషనులో. ప్లాట్‌ఫారం పొడవునా ఊదారంగు ఐరిస్ పూలు బారులు తీరి ఉన్నాయి. టికెట్ల కిటికీ మీదికి పసుపు గులాబీ తీగ అల్లుకుపోయింది. వెనకాల కొండల మీద మంచు ఇంకా కరగలేదు. తోట పెంచే పెద్దావిడ చేతి మట్టి దులుపుకుంటూ వచ్చి ఇర్మాను ఎగాదిగా చూసింది.

"ఈవిడేనా ఫెర్మీన్?"

ఫెర్మీన్ దగ్గాడు. "అటువైపు గులాబీలు బాగుంటాయి, రండి," అంటూ ఇర్మాను ముందుకు నడిపించాడు.

వైనరీలోనూ అదే వరస. అతని స్నేహితుడు బౌదీలియో సిమెంటు తొట్టి కుళాయి తిప్పి, ఎర్రటి వైను గ్లాసులోకి పట్టి ఆమెకిచ్చాడు. ఇంకా పచ్చిగా, నాలుక పట్టేసేలా ఉన్నా కమ్మగా ఉంది.

"ఈ మనిషి ఇంత నున్నగా గడ్డం గీసుకోవడం నేనెన్నడూ చూడలేదమ్మా," అన్నాడు బౌదీలియో. "అదీ పొద్దున్నే!"

"నోరు మూసుకోరా," అన్నాడు ఫెర్మీన్.

ఇర్మా నవ్వుకుంది. ఎండ హాయిగా ఉంది, కాలవలో నీళ్లు గలగలమంటున్నాయి, పక్కన మంచి మనిషి ఉన్నాడు. ఇంతకంటే ఏం కావాలి అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఫెర్మీన్ బండి ఒక పెంకుటింటి ముందు ఆపాడు. ఇంటి పక్కన లేత ఆకులు తొడిగిన ద్రాక్ష పందిరి ఉంది. దాని కింద ఈ చివర నుంచి ఆ చివరదాకా బల్లలు, వాటి చుట్టూ నలభైమంది దాకా జనం. బండి చప్పుడుకు అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆడవాళ్లు జుట్టు సవరించుకున్నారు.

"ఎవరు వీళ్లంతా?" అంది ఇర్మా.

"మావాళ్లు."

"మావాళ్లంటే?"

"అంటే... అందరూనండీ."

బల్ల మొదట్లో, తొంభై దాటిన అతని తల్లి ఎదెల్మీరా చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది.

"దగ్గరికి రా అమ్మాయ్, నా చూపు అంతంతమాత్రం. ఊఁ, ఎత్తు బాగానే ఉంది. వంట వచ్చా?"

"వచ్చండి. ఆకలేసినప్పుడు చేసుకుంటాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫెర్మీన్ చెల్లెలు అందుకుంది: "అన్నయ్యకి ఉప్పు తగ్గించాలి వదినా, డాక్టరు చెప్పాడు."

'వదినా' అన్న మాటతో ఇర్మాకు సంగతి అర్థమైంది. ఇవి పెళ్లిచూపులు! తనకొక్కదానికే తెలియని పెళ్లిచూపులు. గిరుక్కున వెనక్కి తిరిగి, పందిరి దాటి ద్రాక్షతోటలోకి నడిచింది.

వాళ్లు చెడ్డవాళ్లని కాదు. తను అమ్మకానికి ఉన్నట్టు తనకే తెలియనందుకు ఆమెకు మండింది. ముందే చెప్పి ఉంటే కనీసం జుట్టుకు రంగైనా వేసుకునేదాన్ని కదా అనుకుని, ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే ఇంకా కోపమొచ్చింది.

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఆ వెంటే ముసలి గొంతు: "నువ్వు ఆగరా ఫెర్మీన్! ఇది నీవల్ల కాదు."

ఎదెల్మీరా కర్ర పొడుచుకుంటూ వచ్చి, బోర్లించిన పళ్లబుట్ట మీద ఆయాసపడుతూ కూర్చుంది.

"నన్నూ ఈ పందిరి కిందికి ఇలాగే తెచ్చారు. ద్రాక్ష కోతలన్నారు. కోసుకునే కత్తెర కూడా పట్టుకొచ్చాను. వచ్చి చూస్తే పాదిరీ, పూలదండలు, వీడి నాన్న."

"మరి మీరేం చేశారు?"

"పెళ్లి చేసుకున్నాను. మనిషి బంగారం. అయినా ఆ కోపం మటుకు ఆయన పోయేదాకా పోలేదు. పోట్లాడినప్పుడల్లా అదే తవ్వేదాన్ని. కోపాన్ని లోపల పెట్టుకుని మూత బిగిస్తే పులిసిపోతుందమ్మా. నీది ఇవాళే తీర్చుకో."

"ఎలా తీర్చుకోమంటారు?"

"పదిమందిలో లేచి మాట్లాడాలంటే వాడికి చచ్చేంత సిగ్గు," అంది ముసలావిడ, కళ్లు చికిలించి.

ఇర్మాకు నవ్వు ఆగలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని లేవదీసింది.

ఇద్దరూ పందిరి కిందికి వచ్చేసరికి ఇంకా ఎవరూ తినడం మొదలుపెట్టలేదు. ఇర్మా నిలబడే అంది: "ఫెర్మీన్ గారూ, నన్ను ఏమని చెప్పి తీసుకొచ్చారో వీళ్లందరికీ చెప్పండి."

ఫెర్మీన్ లేచాడు. మెళ్లోని రుమాలు విప్పి, నలిపి, మళ్లీ కట్టుకున్నాడు. "ఉత్త భోజనమని చెప్పాను. మీరంతా ఉంటారని చెప్పలేదు. చెబితే ఈవిడ రారని భయపడ్డాను. అది తప్పే."

"గట్టిగా అన్నయ్యా, ఇక్కడికి వినపడలేదు!" అని బల్ల చివరనుంచి కేక.

అతను మళ్లీ చెప్పాడు, ఈసారి అరిచినట్టుగా. ఆ తర్వాత మెల్లగా అన్నాడు: "పెళ్లి మాట ఇవాళ ఎవరూ ఎత్తొద్దు. ఆవిడ తిని వెళతారు, అంతే."

ఆ మాటకు ఇర్మా కోపం సగానికి దిగింది. అతని పక్కన ఖాళీగా ఉంచిన కుర్చీ దాటుకుని వెళ్లి, ఎదెల్మీరా పక్కన కూర్చుంది. మంట మీద కాల్చిన మేకపిల్ల మాంసం, ఉడికించిన ఆర్టిచోకు మొగ్గలు, పొయ్యిలోంచి అప్పుడే తీసిన, మాంసం కూరిన కజ్జికాయల్లాంటి ఎంపనాదాలు వచ్చాయి. ఆమె కడుపారా తింది.

"ఫెర్మీన్ గారూ," అంది కాసేపటికి. "వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. మా అన్నయ్యలు, వదినలు, మా సందులోవాళ్లు అందరూ ఉంటారు. నేను చెప్పి మరీ పిలుస్తున్నాను."

అతని మొహం పాలిపోయింది.

"వాడొస్తాడు," అంది ఎదెల్మీరా. "నేనూ వస్తా. చూడాలి కదా."

సాయంత్రం తిరుగుదారిలో ఫెర్మీన్ బండి నెమ్మదిగా నడిపాడు. పాప్లర్ చెట్ల వరుస దాటాక గొంతు సవరించుకున్నాడు.

"మీ అన్నయ్యలు ఎలాంటివాళ్లండీ?"

"ఇద్దరికీ మాట తక్కువ, చూపు ఎక్కువ."

అతను స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఇర్మా బూట్లు విప్పి, కాళ్లు చాపుకుని, కిటికీలోంచి వచ్చే చల్లగాలికి కళ్లు మూసుకుంది.