నాటని వరస

రామాంజినేయులు పెండ్లాన్ని ఎద్దుల్ని తోలే ముల్లుగర్రతో కొట్టింది ఆసామి పంపాపతి మడిగట్టు మీదే, ఇరవై మందిమి చూస్తుండగానే. సంగటిలో ఉప్పు ఎక్కువైందట. తిమ్మమ్మ బురదలో బోర్లా పడింది. మేం తలలు వంచుకుని నాటుతూ పోయాం. వాడు మా గుంపు మేస్త్రీ.

నాట్లలో మనిషికొక వరస. అందరం వెనక్కి అడుగులేస్తూ పోతాం. తిమ్మమ్మ నడుం వంచలేకపోయింది. ఆమె వరసను అటు నేను, ఇటు ఎల్లక్క పంచుకుని నాటేశాం. వాడు కొట్టినప్పుడల్లా, మూడేండ్లుగా అదే పని. పొద్దుగూకేసరికి మడి నిండుగా కనపడేది. జాలి అనుకున్నాం. వాడికి కాపలా కాస్తున్నామని తెలుసుకోలేదు.

ఈసారి దెబ్బ గట్టిది. సాయంత్రం ఆమెను సిరుగుప్ప పోలీసు స్టేషనుకు తీసుకుపోయాం. ఎస్సై కాగితం తీయలేదు. “గండ హెండతి జగళ ఉండు మలగువ తనక” అని కన్నడ సామెత అప్పజెప్పాడు. మొగుడూ పెండ్లాల తగువు తిని పడుకునేదాకానేనట.

“ఎనభై మూడులోనే చట్టం వచ్చింది సార్. ఇంట్లో కొట్టినా నేరమే. పెద్దోళ్ల అక్షరాల బడిలో చదివినాను” అన్నాను.

“నీకు మొగుడే లేడు గదా ముసిలీ, నీకెందుకు?”

“లేడు కాబట్టే నోరు లేచింది. ఉన్నప్పుడు నా పండ్లు గూడా రాలినాయి.”

బయటికి గెంటించాడు.

బస్టాండులోనే వాదులాట మొదలైంది.

“మేస్త్రీని కాదంటే రేపు పనెవరిస్తారు? నీ చట్టమొచ్చి నాటుతాదా?” అంది దుర్గక్క.

“వాడు కొట్టింది కనపడకుండా నాటింది మన చేతులే గదా” అంది ఎల్లక్క. “ఆ పొద్దు నేను నాటకుంటే, ఆ యమ్మ దెబ్బ ఊరంతా చూసుండేది.”



మరునాడు అందరం నాటాం. తిమ్మమ్మ గట్టుమీద కూర్చుంది. ఆమె వరస ఈ చివర నుంచి ఆ చివరకు ఉత్త నీళ్లుగా మిగిలింది.

మధ్యాహ్నం పంపాపతి వచ్చాడు. “ఆ సందేంది? పక్కోళ్లు నాటండి.”

“అది తిమ్మమ్మది సామీ” అంది దుర్గక్క. “ఆ యమ్మ నడుం నీ మేస్త్రీ విరగ్గొట్టినాడు. కేసు రాసేదాకా ఆ వరస ఎవురం నాటం.”

“వాళ్లింటి గొడవ నా మడిలోకి ఏల తెస్తారే?”

“కొట్టింది నీ గట్టు మీద, నీ ముల్లుగర్రతో.”

రామాంజినేయులు గర్ర ఎత్తుకుని గట్టుమీదికి వచ్చాడు. ఇరవై మందిమి బురద చేతులతో నడుములు ఎత్తి నిలబడ్డాం. ఎత్తిన గర్ర కొట్టకుండానే కిందికి దిగింది.

పంపాపతి మమ్మల్ని ఆపేసి, మిగిలిన మళ్లలోకి పక్క ఊరి గుంపును దించాడు. సంగతి విని వాళ్లూ నాటారు. కానీ తమ నడుమ ఇంకో వరస వదిలేశారు. “మాలోనూ ఒక తిమ్మమ్మ ఉండాది” అన్నారు. ఆ వరసలకని పెరికిన నారు కట్టల్లోనే పసుపెక్కింది.

నాలుగో రోజు పోలీసు జీపు వచ్చింది, రామాంజినేయులు కోసం కాదు. నాట్లు ఆపించినామని మా మీద పంపాపతి ఫిర్యాదట. నన్నూ ఎల్లక్కనూ ఎక్కమన్నారు. గట్టుమీది తిమ్మమ్మ లేచి వచ్చి ముందు సీట్లోకి ఎక్కేసింది.

“నీకేంది? దిగు” అన్నాడు ఎస్సై.

“కొట్టిచ్చుకున్నది నేను సార్. నా మాట రాసుకునేదాకా దిగను.”

జీపు కాలువగట్టు ఎక్కింది. రెండు పక్కలా కొత్త నాట్లు. ఎస్సై సిగరెట్టు అంటించబోయి ఆగిపోయాడు. ఎవరెవరివో ఎన్నో మళ్లల్లో, పచ్చదనం నడుమ, ఒక్కో వరస ఖాళీగా మెరుస్తోంది.