వసంతకుమారి నడక బూట్లు

ఆదివారం వచ్చిందంటే వసంతకుమారికి ఊపిరాడదు. పొద్దున్నే వారానికి సరిపడా వంట, కూతురు జెమీమాకి జడలు, మావయ్య ఇశ్రాయేలుగారి చేత టాబ్లెట్లు మింగించడం, మధ్యాహ్నం బాతెల్ ఊళ్ళో తెలుగు చర్చి. చర్చి కాగానే నడక. మతిమరుపు జబ్బువాళ్ళ కోసం విరాళాలు పోగుచేసే రెండు రోజుల నడకకి పేరిచ్చింది మరి. మావయ్య కోసమే ఇచ్చింది. ఆయన పక్కన కాసేపు కూర్చునే టైమ్ లేదుగానీ ఆయన కోసం మైళ్ళకి మైళ్ళు నడుస్తోంది, అదీ సంగతి.

ప్రాక్టీస్ నడక చర్చి గుమ్మం దగ్గర మొదలవుతుంది. నది పక్క ట్రైల్ అనే కాలిబాట వెంట పోయి, పెద్ద రోడ్డు దాటి, జెమీమా ఈత క్లాసు దగ్గర ముగుస్తుంది. భర్త ఆనందబాబు జెమీమాని కార్లో అక్కడ దింపి మావయ్యని ఇంటికి తీసుకుపోతాడు. క్లాసు అయ్యేలోపు ఆమె చేరాలి.

బూట్ల సంగతి అందరికీ తెలిసిందే. ఒకే దారిలో పదేపదే నడిపిస్తే నేర్చేసుకుంటాయి. ఆ తర్వాత ఎవరు వేసుకున్నా అటే తీసుకుపోతాయి. చర్చిలో లెవి అంకుల్ బూట్లు పొరపాటున తొడుక్కున్నవాళ్ళు ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు ముందు తేలుతుంటారు. అందుకే చర్చి బయట విప్పిన చెప్పుల్లో ఎవరివి వాళ్ళు ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు.

ఆ ఆదివారం చివరి ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నారు. పాస్టర్‌గారి ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ఇశ్రాయేలుగారి కుర్చీ ఖాళీగా ఉంది.

"నీ పక్కనే కదా కూర్చోబెట్టాను," అన్నాడు ఆనందబాబు.

"మీరు మాత్రం ఇటు పక్కన లేరా?" అంటూనే వసంతకుమారి గుమ్మం దగ్గరికి పరిగెత్తింది. మావయ్య తోలు చెప్పులు అక్కడే ఉన్నాయి. తన నీలం బూట్లు లేవు. నడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయని ఒక సైజు పెద్దవి కొన్నది. ఆయనకి సరిపోయుంటాయి.

"నీ బూట్లేసుకున్నారా? అయితే భయమేముంది," ఆనందబాబు ఊపిరి పీల్చుకున్నాడు. "తిన్నగా ఈత క్లాసుకి పోతారు."

వసంతకుమారి మొహం పాలిపోయింది. "పెద్ద రోడ్డు దగ్గర నేనెప్పుడూ సిగ్నల్ కోసం ఆగలేదండీ."

"ఒక్కసారైనా?"

"జెమీమా క్లాస్ అయిపోతుందని. గ్యాప్ చూసుకుని పరిగెత్తేసేదాన్ని. అవి కూడా అదే నేర్చుకునుంటాయి."

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. లెవి అంకుల్ 911కి ఫోన్ చేస్తున్నాడు. ఆనందబాబు జెమీమాని తీసుకుని కార్లో రోడ్డు అవతలి వైపుకి బయల్దేరాడు. వసంతకుమారి మావయ్య చెప్పులు తొడుక్కుని ట్రైల్ మీదకి దిగబోయింది. అవి ఈ దేశంలో పెరట్లో తప్ప ఎక్కడా తిరగలేదు పాపం, ఆమెని గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాయి. విసిరేసి సాక్సులతోనే పరుగందుకుంది.

సన్నగా వాన. తడిసిన ఆకుల మీద కాలు జారుతోంది. ఇన్ని వారాలు తినీ తిననట్టు, పడుకునీ పడుకోనట్టు చేసిన ప్రాక్టీస్ అంతా ఈ పరుగుకేనా అనిపించింది. ప్రభువా, రోడ్డు దాకా పోనివ్వకు, అదొక్కటే అనుకుంటూ పోయింది. ముందెక్కడో లారీ హారన్ గట్టిగా మోగితే ఏడుపు ఆగలేదు.

మలుపు తిరిగాక కనిపించాడాయన. రోడ్డు అంచున, బెంచీ పక్కన నిలబడి ఉన్నాడు. లారీలు మీద నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. అవతల కారు దిగిన ఆనందబాబుని చూసి, ఆయన ముందుకు పోవాలని పెనుగులాడుతున్నాడు. బూట్లు మాత్రం కదలడం లేదు.

ఆమె వంగి లేసులు విప్పబోతే ఆయన కాలు వెనక్కి లాక్కోబోయాడు. "ఎవరమ్మా నువ్వు? నా కాళ్ళు పట్టుకుంటావేంటి? అదుగో, మా అబ్బాయి."

ఈ బెంచీ ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం ఇక్కడే ఆగి ఇంటికి ఫోన్ చేసేది. మావయ్యా, టాబ్లెట్ వేసుకున్నారా అని అడిగేది. ఆయన జవాబు పూర్తయ్యేలోపే ఫోన్ పెట్టేసి రోడ్డు మీదకి పరుగు తీసేది. బూట్లు ఆ ఫోన్ కోసమే ఆగాయి. ఆ మాట అడిగితే కదులుతాయి. కదిలితే ఆగవు.

అందుకని ముందు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో చేత్తో సిగ్నల్ బటన్ నొక్కింది. ఆయన విడిపించుకోవాలని గుంజుతున్నాడు, చేతి మీద గిల్లాడు కూడా. ఆమె వదల్లేదు. చివరికి కార్లు ఆగాయి, నడవమనే తెల్ల బొమ్మ వెలిగింది.

అప్పుడు ఆయన చెవి దగ్గరికి వంగి, ఫోన్‌లో అడిగినట్టే అడిగింది. "మావయ్యా, టాబ్లెట్ వేసుకున్నారా?"

ఆయన గుంజుకోవడం మానేశాడు. ఆమె మొహం వైపు చూడలేదు, ఆ గొంతు మాత్రం విన్నాడు.

"వసంతా, నువ్వా? వేసుకున్నానమ్మా. నువ్వు పరిగెత్తకు, నిదానంగా రా."

అన్ని ఆదివారాలూ ఆయన ఈ మాటే చెప్పుండాలి. చివరిదాకా ఆమె వినడం ఇదే మొదటిసారి. కింద బూట్లు పరుగుకి తొందరపడుతున్నాయి. వసంతకుమారి ఆయన చెయ్యి పట్టుకుని వాటిని నిదానంగా రోడ్డు దాటించింది.