క్షయ వార్డులో పుస్తకాల బండి

నేను ఒక పుస్తకాల బండిని. మూడు అరలు, నాలుగు చిన్న చక్రాలు, తోయడానికి ఒక చెక్క పిడి. సరుగుడు తోటల మధ్య ఉన్న క్షయ ఆసుపత్రిలో పుట్టాను. నన్ను చేసిన బ్రహ్మానందాచారి వడ్రంగి, అక్కడి రోగి కూడా. పడుకుని పడుకుని పిచ్చెక్కుతోందని పెద్ద డాక్టరుగారిని బతిమాలి, విరిగిన మంచాల చెక్క తెచ్చుకుని, కాసేపు పని, కాసేపు దగ్గు, అలా నన్ను పూర్తిచేశాడు. నా మీద మొదటి పుస్తకం పెట్టేనాటికి ఆయన లేడు.

పుస్తకాలు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇచ్చారు. మనుషులు ఆసుపత్రికి దానం చేసేటప్పుడు, ఇంట్లో ఎవరూ ముట్టని పుస్తకాల్నే ఏరి ఇస్తారని నాకప్పుడే తెలిసింది. డిటెక్టివ్ నవలలు, వాటిలో కొన్నింటికి చివరి పేజీలు లేవు. పశువైద్యం, జ్యోతిషం, పెరటి తోటలు, వంటలు, కాశీయాత్ర, ఛందస్సు, రేడియో మరమ్మతు. ఇవన్నీ ఎవరికి పనికొస్తాయా అనుకున్నాను. అన్నీ పనికొచ్చాయి. ముద్ద దిగనివాడు వంటల పుస్తకం అడిగేవాడు. మంచం దిగకూడదన్నవాడికి కాశీయాత్ర కావాలి. డాక్టరు ఏమీ తేల్చి చెప్పనివాళ్ళు జ్యోతిషం కోసం పోట్లాడుకునేవారు. ఛందస్సు ఒక పోలీసు జవాను తీసుకుని, తలగడ కింద పెట్టుకుని, అది అక్కడుండగానే పోయాడు.

నన్ను తోసింది సౌభాగ్యం. కోనసీమ పిల్ల. పెళ్ళయిన రెండో ఏడే రక్తం కక్కుకుంటే మొగుడు తెచ్చి చేర్పించి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. లేచి తిరగొచ్చని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ నా పిడి ఆమె చేతిలోనే ఉండేది. పుస్తకం ఎత్తి పట్టుకోలేనివాళ్ళ పక్కన కూర్చుని పైకి చదివేది. చివరి పేజీలు లేని నవలల్లో హంతకుణ్ణి తనే పట్టుకునేది. ఎవరికి ఎవరి మీద కోపమో చూసి, వాళ్ళకి నచ్చనివాణ్ణి జైల్లో వేసేది.

ఆమెకి జబ్బు పూర్తిగా నయమైంది. ఇంటికి కబురు పంపారు. జడ వేసుకుని, మూట కట్టుకుని, వరండాలో నా పక్కన నిలబడి ఎదురుచూసింది. మొగుడు రాలేదు. తమ్ముడు గంగరాజు వచ్చాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, మెట్టు కిందే ఆగిపోయాడు.

"బావ రాలేదేంరా?"

"నువ్వు ఊరికి రాకూడదక్కా."

"ఏం?"

"టైఫాయిడ్ వచ్చి పోయావని చెప్పేశాం. బావ మళ్ళీ చేసుకున్నాడు. ఇంట్లో క్షయ ఉందంటే రేపు చెల్లి మాణిక్యాన్ని ఎవరు చేసుకుంటారు చెప్పు? అమ్మే అంది, ఇలా చెబుదామని."

సౌభాగ్యం పిడి పట్టుకుంది. "మాణిక్యానికి తెలుసా?"

"చిన్నపిల్ల, దానికేం తెలుసు? ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది."

"పెద్దకార్యం చేశారా?"

"చెయ్యకపోతే ఊరు నమ్మదు కదా."

"ఏం వండారు?"

"పనసపొట్టు కూర," అన్నాడు గంగరాజు. "నీకిష్టమని."

అతను వెళ్ళిపోయాక ఆమె మూట విప్పలేదు. నన్ను తోసుకుంటూ ఆడవాళ్ళ వార్డులోకి వెళ్ళి, అడిగినవాళ్ళకి అడిగింది కాక ఇంకేదో ఇచ్చింది. వాళ్ళు ఇచ్చిందే తీసుకున్నారు. డాక్టరుగారు ఆమెని ఆయాగా పెట్టుకున్నారు.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు కొత్తగా వచ్చిన ఒకామె మంచం దగ్గర నన్ను ఆపి, సౌభాగ్యం తల ఎత్తింది. మంచంలో మాణిక్యం. దెయ్యాన్ని చూసినట్టు నోరు తెరిచి చూస్తోంది. పక్కన భర్త ఉన్నాడు, భార్య చెయ్యి వదలకుండా.

"ఏమైంది? తెలిసినావిడా?" అన్నాడు.

మాణిక్యం కంటే ముందే సౌభాగ్యం అందుకుంది. "కొత్తగా వచ్చినవాళ్ళు ఇలాగే బెదిరిపోతారు బాబూ. నేను ఇక్కడి ఆయాని."

అతను వెళ్ళాక అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, వార్డుకి వినపడకుండా ఏడ్చారు. మాణిక్యం తల్లిని తిట్టింది, అన్నని తిట్టింది. "నా కోసమా నిన్ను చంపేశారు?" అంది. సౌభాగ్యం రోజూ ఆమెకి ముద్ద కలిపి పెట్టేది, నా మీది పుస్తకాలన్నీ ఒకటొకటిగా చదివి వినిపించేది. అప్పటికి మంచి మందులు వచ్చాయి. మాణిక్యం ఒళ్ళు చేసింది.

"ఆయనకి చెప్పేస్తానక్కా. ఆయన మంచివాడు. నిన్ను మా ఇంటికి తీసుకెళ్తాను," అనేది.

సౌభాగ్యం ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. కానీ మాణిక్యం ఇంటికి వెళ్ళే రోజున ఆయా చీర కట్టలేదు. పెట్టె అడుగునుంచి నీలం చీర తీసి కట్టుకుంది. పూలు పెట్టుకుంది. ఏదో ఒక పని ఉండాలి కదా అన్నట్టు నన్ను కూడా వరండాలోకి తోసుకొచ్చింది.

భర్త వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. "మా ఆవిణ్ణి సొంత అక్కలా చూసుకున్నారు. మీ మేలు మరిచిపోనండీ."

సౌభాగ్యం చెల్లెలి వైపు చూసింది. మాణిక్యం నా మీది పుస్తకాల వైపు చూసింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. బయట బస్సు హారన్ కొట్టింది.

"వెళ్ళొస్తానండీ," అంది మాణిక్యం.

"మంచిదమ్మా," అంది సౌభాగ్యం. "మందులు మానకు."

బస్సు వెళ్ళిపోయినా ఆమె నా పిడి వదల్లేదు. ఆమె బరువంతా నా మీదే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. చక్రాలు కదలకుండా ఆపుకోవడం తప్ప నేనేం చేయగలను?

ఆ తర్వాత ఆమె చాలాకాలమే బతికింది, అదే ఆసుపత్రిలో. పోయినప్పుడు ఊరికి కబురు పంపారు. ఆ పేరుగలావిడ ఎప్పుడో చనిపోయిందని జవాబు వచ్చింది. ఆసుపత్రివాళ్ళే దహనం చేయించారు.

వార్డు మూసేశాక, రోగుల చేతులు తగిలిన పుస్తకాలు ఉంచకూడదని కొత్త అధికారి అన్నాడు. వెనక పెరట్లో పోగు పెట్టారు. తగలబెట్టడానికి వచ్చినవాళ్ళు ఒక్కో పుస్తకం తెరిచి, నిలబడి, నాలుగు పేజీలు చదివి మరీ మంటలో వేశారు. ఒకడు ఒక పుస్తకం దగ్గర ఆగి పకపకా నవ్వాడు. పక్కవాడు ఏంటది అని అడిగితే, వాడికీ చదివి వినిపించాడు. ఇద్దరూ నవ్వుకున్నాక దాన్నీ వేసేశారు.

నన్ను మాత్రం చెక్క గట్టిదని ఉంచారు. ఇప్పుడు కొట్టుగదిలో నా మీద ఫినాయిల్ డబ్బాలు ఉంటాయి.